ఆక్సోలాటల్ గుడ్లు పెట్టకముందే ఏం సిద్ధం చేసుకోవాలి, పిల్లల్ని ఎలా పెంచాలి

మీ ట్యాంకు అడుగున చిన్న చిన్న జెల్లీ ముద్దలు, పైన తెల్లటి మొనతో, బుల్లి గోపురాల్లా అతుక్కుని కనిపిస్తే ఇక మీకు మిగిలింది ఒకటి రెండు రోజులే. అవి మగ ఆక్సోలాటల్ (మెక్సికోకు చెందిన, బతుకంతా నీళ్ళలోనే గడిపే నాలుగు కాళ్ళ ఉభయచరం) వదిలిన వీర్యపు ముద్దలు. ఆడది వాటి మీదుగా నడుస్తూ ఆ తెల్ల మొనను ఒంట్లోకి తీసుకుంటుంది. తర్వాత ఒకటి రెండు రోజుల్లో గుడ్లు మొదలవుతాయి. ఒక్క విడతలో 100 నుంచి 1000 దాకా పెట్టగలదు, మామూలుగా కొన్ని వందలు వస్తాయి.

ఆ రోజు రాకముందే మీరు సిద్ధంగా ఉండాలనే ఇది రాస్తున్నాను. గుడ్లు రెండు మూడు వారాల్లో పిల్లలవుతాయి. ఆ పిల్లలు కదిలే మేత తప్ప ఇంకేదీ ముట్టవు. దానికి తోడు మన అనంతపురం ఎండలో వాటికి చల్లటి నీళ్ళు కావాలి. గుడ్లు కనిపించాక పరిగెత్తితే ఈ రెండూ చేతికందవు.

మా ఇంట్లో మొదటిసారి 400కు పైగా గుడ్లు వచ్చాయి. ఒక్కటి కూడా పారేయడానికి మనసు ఒప్పలేదు, అన్నీ ఉంచేశాను. దాదాపు అన్నీ పొదిగాయి. వారం తిరగకుండానే మేత చాల్లేదు. మూడో వారంలో ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఒకదాని కాలు ఇంకోదాని నోట్లో ఉంది. అక్వేరియం సామాన్లు అమ్మే ఒకాయన, ఉడికించిన గుడ్డు పచ్చసొన నలిపి వేయండి, బతికేస్తాయి అన్నాడు. వేశాను. సాయంత్రానికి నీళ్ళు కంపు కొట్టాయి. చివరికి మిగిలినవి 11. తర్వాతి చలికాలం 30 గుడ్లే ఉంచుకున్నాను, 22 పిల్లలు పెద్దవయ్యాయి. అందుకే అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది గుడ్ల లెక్క.

ఎన్ని ఉంచుకోవాలి

రోజూ రెండు పూటలా మేత వేసి, డబ్బాల్లో నీళ్ళు మార్చడానికి మీ దగ్గర ఎంత సమయం ఉందో చూసుకోండి. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళయితే 20 నుంచి 30 గుడ్లు చాలు. పెద్దయ్యాక వాటిని తీసుకునేవాళ్ళు ఎవరో, వాళ్ళ ఇంట్లో నీళ్ళు చల్లబరిచే ఏర్పాటు ఉందో లేదో కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోండి. "అప్పుడు చూద్దాంలే" అనుకుంటే ఏప్రిల్‌లో 20 పిల్లలతో మీరే ఉంటారు.

మిగిలిన గుడ్లను మొదటి 24 గంటల్లోనే కొద్దిగా నీళ్ళతో కవర్లో వేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి. అప్పటికి వాటిలో నరాలు ఏర్పడటం ఇంకా మొదలు కాదు. కష్టంగానే ఉంటుంది, నాకూ ఉంది. కానీ మూడు వారాలు పెంచి ఆకలితో ఒకదాన్నొకటి కొరుక్కు తినేలా వదిలేయడం కన్నా ఇదే దయ. చెరువులోనో కాలువలోనో వదిలేద్దామని మాత్రం అనుకోవద్దు. మన నీళ్ళ వేడికి అవి బతకవు, పైగా వాటి రోగాలు మన కప్పలకు అంటుకునే ప్రమాదం ఉంది.

మీ జంట ఒకే ఈడువి, ఒకేచోట కొన్నవి అయితే అన్నాచెల్లెళ్ళు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అలాంటప్పుడు ఒక్క గుడ్డు కూడా ఉంచకండి. వీటి వంశం ముందే చాలా ఇరుకు. 1864లో మెక్సికో నుంచి పారిస్‌కు 34 ఆక్సోలాటల్స్‌ను తీసుకెళ్ళారు. వాటిలో ఆరు అగస్త్ ద్యుమెరిల్ అనే శాస్త్రవేత్త చేతికి వచ్చాయి, ఆ ఆరింటిలో ఆడది ఒక్కటే. 1865 జనవరిలో అది గుడ్లు పెట్టింది. ఇవాళ ల్యాబుల్లో ఉన్నవాటిలో చాలా భాగం ఆ కొద్దిపాటి జంతువుల సంతానమే. అంత దగ్గరి రక్తాన్ని ఇంకా దగ్గర చేస్తే పిల్లలు బలహీనంగా పుడతాయి.

ఆడదానికి ఏడాదిన్నర నిండకుండా జత కట్టనివ్వకండి. గుడ్లు పెట్టాక కనీసం నాలుగైదు నెలలు మగదానికి దూరంగా వేరే ట్యాంకులో ఉంచండి. గుడ్లు పెట్టడానికి దాని ఒంట్లోని సత్తువంతా పోతుంది.

కాగితాల పని కూడా ఒకటుంది. మెక్సికో నగరం దక్షిణ భాగంలో షోచిమిల్కో కాలువల్లో ఉండే అసలు ఆక్సోలాటల్స్ ఇప్పుడు అంతరించే అంచున ఉన్నాయి, అందుకే ఇవి సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే) ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించాక, 2024లో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి జంతువులను పెంచేవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పుట్టినవీ, ఇంకొకరికి ఇచ్చినవీ అందులో చూపించాలి. పెద్ద జంటకు నమోదు లేకపోతే పిల్లల సంగతి ఎత్తకముందే ఆ పని చేయండి.

కాలం, చల్లదనం

షోచిమిల్కో సముద్ర మట్టానికి దాదాపు 2,240 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే మన హార్స్‌లీ కొండ కన్నా ఇంకో వెయ్యి మీటర్లు పైన. అక్కడి నీళ్ళలో పుట్టిన జంతువు ఇది. పెద్దవాటికి 16 నుంచి 18 డిగ్రీలు హాయి. 24 దాటితే మేత మానేస్తాయి, జబ్బు పడతాయి. గుడ్లకూ పిల్లలకూ 18 నుంచి 20 మధ్య ఉంచితే మంచిది.

కాబట్టి అనంతపురం, కర్నూలు, కడపల్లో ఎక్కడున్నా గుడ్లకు ఒకటే కాలం: నవంబరు చివర నుంచి జనవరి మొదటి వారం దాకా. డిసెంబరు మొదట్లో గుడ్లు వస్తే నెలాఖరుకు పిల్లలు, సంక్రాంతి ముందూ వెనకగా ముందు కాళ్ళు, ఫిబ్రవరి చివరికి ఐదు సెంటీమీటర్లు. శివరాత్రికి చలి శివ శివా అంటూ వెళ్ళిపోయేసరికి పిల్లలు గట్టిపడి ఉంటాయి. ఫిబ్రవరిలో గుడ్లు పెడితే మాత్రం ఉంచకండి. ఏప్రిల్ ఎండకు అవి ఇంకా వేలెడంతే ఉంటాయి. మిగతా నెలల్లో ఆడా మగా వేర్వేరు ట్యాంకుల్లో ఉంటే ఈ బాధే ఉండదు.

చలికాలంలో కూడా మన దగ్గర పగలు 30 డిగ్రీల దాకా పోతుంది, ఇంట్లో నీళ్ళు 23, 24 దగ్గర నిలుస్తాయి. పెద్దవాటికి మీ దగ్గర చిల్లర్, అంటే నీళ్ళు చల్లబరిచే యంత్రం, ఉండే ఉంటుంది, అది లేకుండా ఈ ఊళ్ళో ఆక్సోలాటల్ పెంచకూడదనే నా మాట. పిల్లలకు ఇంకో చిల్లర్ కొనక్కర్లేదు. పలుచని ప్లాస్టిక్ డబ్బాల్లో గుడ్లు వేసి, ఆ డబ్బాలను చిల్లర్ ఉన్న ట్యాంకులోనే అంచుకు క్లిప్పులతో తగిలించి తేల్చండి. నీళ్ళు కలవవు, చల్లదనం మాత్రం డబ్బాలోకి దిగుతుంది. డబ్బాలోకి పెద్దవి తల పెట్టకుండా అంచు నీటి మట్టం కన్నా రెండంగుళాలు పైన ఉండాలి.

ట్యాంకులో అంత చోటు లేకపోతే థర్మాకోల్ పెట్టెలో డబ్బాలు పెట్టి, పక్కన గడ్డ కట్టిన అర లీటరు నీళ్ళ సీసాలు రెండు ఉంచండి. ఉదయం, సాయంత్రం సీసాలు మార్చండి. మంచు ముక్కలు నేరుగా పిల్లల నీళ్ళలో వేయొద్దు. కరెంటు పోయినప్పుడు కూడా ఈ సీసాలే దిక్కు, కాబట్టి ఫ్రీజర్‌లో ఎప్పుడూ నాలుగైదు గడ్డ కట్టి ఉండాలి. గోడ గడియారం పక్కన థర్మామీటర్ వేలాడదీస్తే గది వేడే తెలుస్తుంది. మీక్కావాల్సింది డబ్బాలోని నీటి వేడి. నూరు రూపాయల డిజిటల్ థర్మామీటర్ అయినా సరే, దాని మొన నీళ్ళలో మునిగి ఉండాలి.

నీళ్ళు

మునిసిపల్ కొళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. బకెట్లో పట్టి యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, ఒక రోజు ఎయిర్ పంపు పెట్టి వాడండి. బోరు నీళ్ళయితే క్లోరిన్ ఉండదు కానీ మన వైపు చాలా బోర్లలో ఉప్పులూ ఫ్లోరైడూ ఎక్కువ. అలాగని 20 లీటర్ల క్యాన్ నీళ్ళు ఒక్కటే పోస్తే అదీ తప్పే. ఆ ప్లాంటు నీళ్ళలో ఖనిజాలు దాదాపు ఉండవు, ఆక్సోలాటల్‌కు కాస్త గట్టి నీళ్ళే కావాలి. నేను బోరు నీళ్ళూ క్యాన్ నీళ్ళూ సగం సగం కలుపుతాను. కొత్త నీళ్ళు పాత నీళ్ళంత చల్లగా ఉండాలి, కాబట్టి రేపటి బకెట్ ఇవాళే చల్లచోట పెట్టి ఉంచండి.

రాగి బిందెలో పట్టిన నీళ్ళు వాడకండి. మనకు మంచిదని తాగే ఆ రాగి వీటికి విషం. ఆ గదిలో దోమల స్ప్రే కొట్టొద్దు, కాయిల్ వెలిగించొద్దు. చేతికి కొబ్బరి నూనో సబ్బో ఉంటే కడిగి ఆరబెట్టుకున్నాకే నీళ్ళలో పెట్టండి. ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పాలి. ముఖ్యంగా రాత్రి దోమలకు మందు కొట్టే అలవాటున్న పెద్దవాళ్ళకు.

మేత తొట్టి

పిల్లలు చచ్చిపోయేది ఎక్కువగా ఇక్కడే. కొత్తగా పుట్టిన పిల్ల కదలని దాన్ని మేతగా గుర్తించదు. పచ్చసొన, పొడి మేత, పిండి, ఏది వేసినా అడుక్కి చేరి కుళ్ళుతుంది. దానికి కావాల్సింది అప్పుడే పొదిగిన ఆర్టీమియా. అంటే ఉప్పునీటి రొయ్య జాతికి చెందిన, ఆవగింజలో పావు వంతు కూడా ఉండని నారింజ రంగు పురుగులు.

గుడ్లు రాకముందే ఆర్టీమియా గుడ్ల డబ్బా కొని ఒకసారి పరీక్షించండి. మా ఊళ్ళో ఎండలో నిలవున్న డబ్బా ఒకటి కొన్నాను, పొదిగినవి నూటికి పది కూడా లేవు. కొత్త డబ్బాను గాలి చొరకుండా మూసి ఫ్రిజ్‌లో పెట్టండి.

పొదిగించే పద్ధతి ఇది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టండి. లీటరు నీళ్ళకు 25 గ్రాముల కల్లుప్పు కరిగించండి. అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పు వద్దు. అందులో అర టీస్పూను ఆర్టీమియా గుడ్లు వేసి, ఎయిర్ పంపు గొట్టం మూతి దాకా దించి బుడగలు గట్టిగా రానివ్వండి. వేడి 26 నుంచి 28 డిగ్రీలు కావాలి. ఈ ఒక్క విషయంలో మన ఊరి వాతావరణం మనకు కలిసొస్తుంది. డిసెంబరు రాత్రుల్లో మాత్రం సీసాను ఫ్రిజ్ వెనక వెచ్చటి చోట పెడతాను. పైన లైటు వెలగనిస్తే 24 నుంచి 36 గంటల్లో పొదుగుతాయి.

తర్వాత పంపు ఆపి, సీసా పైభాగం నల్ల గుడ్డతో కప్పి, కింద మూతి దగ్గర ఫోన్ టార్చ్ పెట్టండి. పది నిమిషాల్లో పెంకులు పైకి తేలతాయి, పురుగులు వెలుతురు వైపు దిగి నారింజ రంగు మబ్బులా గుమిగూడతాయి. ఆ మబ్బును సన్న గొట్టంతో లాగి, దగ్గర నేత ఉన్న చేతిరుమాల్లో వడగట్టి, మంచినీళ్ళతో కడిగి వేయండి. ఉప్పు కడగకుండా వేయొద్దు. పెంకులు కలిసినా పిల్లల పేగుల్లో అడ్డుపడతాయి, అందుకే ఈ పది నిమిషాల ఓపిక అవసరం.

రెండు సీసాలు నడపండి, ఒకటి ఉదయం మొదలుపెడితే ఇంకోటి సాయంత్రం. ఒకటి పాడైనా ఆ పూట గడుస్తుంది. చేతనైతే ఒక టబ్బులో డాఫ్నియా (మంచినీళ్ళలో బతికే బుల్లి నీటి పురుగులు) కూడా పెంచుకోండి. ఎండకు పచ్చబడిన నీళ్ళే వాటికి మేత. ఆర్టీమియా మంచినీళ్ళలో కొన్ని గంటలకే చచ్చిపోతుంది, డాఫ్నియా మాత్రం పిల్లలు తినేదాకా బతికే ఉంటుంది. చెరువు నుంచి పట్టి తెచ్చిన పురుగులు, మురుగు కాలువల్లో పెరిగే ట్యూబిఫెక్స్ అనే సన్న ఎర్ర పురుగులు వద్దు, వాటితో రోగాలు వస్తాయి.

గుడ్లు తీయడం, కనిపెట్టుకుని ఉండటం

జెల్లీ ముద్దలు కనిపించిన రోజే ట్యాంకులో ప్లాస్టిక్ మొక్కలు గానీ, ఊలు దారం కుచ్చులు కట్టి గానీ వేలాడదీయండి. ఆడది గుడ్లను ఒక్కొక్కటిగా వాటికి అంటిస్తుంది. పెట్టడం అయిపోగానే ఆ కుచ్చులను అలాగే తీసి డబ్బాల్లో పెట్టేయొచ్చు. ఆలస్యం చేస్తే పెద్దవే తినేస్తాయి. గాజుకు అతుక్కున్నవాటిని పాత ఏటీఎం కార్డు అంచుతో నెమ్మదిగా గీకి తీయండి. చుట్టూ ఉన్న జిగురు పొర గట్టిది, భయపడక్కర్లేదు.

చూడటానికి నానబెట్టిన సబ్జా గింజల్లా ఉంటాయి, మధ్యలో నల్లటి చుక్క, చుట్టూ అద్దంలాంటి జిగురు. తల్లి బంగారు రంగుదో ఆల్బినోదో అయితే ఆ చుక్క కూడా తెల్లగానే ఉంటుంది, చచ్చిపోయిందని పారేయకండి. చచ్చిన గుడ్డు మబ్బుపట్టినట్టు ఉబ్బి, రెండు మూడు రోజుల్లో దూది పట్టినట్టు బూజు కడుతుంది. అలాంటిదాన్ని కనిపించిన వెంటనే తీసేయాలి, లేకపోతే బూజు పక్కదానికి పాకుతుంది. డబ్బాలో ఎండిన బాదం ఆకు ముక్క ఒకటి కడిగి వేస్తే బూజు తగ్గుతుంది. మన వీధుల్లో పెద్ద పెద్ద ఆకులు రాల్చే ఆ బాదం చెట్టుదే. రోడ్డు పక్క పొగలో తడిసిన ఆకు కాకుండా ఎవరి పెరట్లోనిదో తెచ్చుకోండి.

రోజూ సగం నీళ్ళు మార్చండి, ఎయిర్ పంపు బుడగలు సన్నగా చాలు. మూడో రోజుకు గుండ్రటి చుక్క చిక్కుడు గింజలా సాగుతుంది. ఐదో రోజుకు కామాలా వంకర తిరుగుతుంది. రెండో వారంలో ఒక గుడ్డును చెంచాలోకి తీసుకుని కింద నుంచి టార్చ్ వేసి చూడండి. మెడకు రెండు వైపులా మొప్పల మొలకలు, కంటి చుక్కలు, గొంతు కింద టకటకా కొట్టుకునే గుండె కనిపిస్తాయి. చెంచా కాస్త కదిపితే లోపలిది ఒక్క మెలిక తిరిగి మళ్ళీ కదలకుండా పడుకుంటుంది. మా అమ్మాయి మొదటిసారి అది చూసి ఆ రాత్రి డబ్బా పక్కనే చాప వేసుకుని పడుకుంది.

పుట్టాక మొదటి నెల

సుమారు 1 సెంటీమీటరు పిల్ల బయటికి వచ్చి అడుగున పక్కకు ఒరిగి పడి ఉంటుంది. చచ్చిపోయిందేమోనని టెన్షన్ పడొద్దు, కదిలించొద్దు. పొట్టలోని సొనతో రెండు మూడు రోజులు గడుపుతుంది. ఆ తర్వాత నీళ్ళలో నిటారుగా నిలిచి, ముందు కదిలినదాన్ని గబుక్కున పట్టడం మొదలుపెడుతుంది. అప్పుడే మొదటి ఆర్టీమియా వేయండి.

తిన్నదీ లేనిదీ పొట్టే చెబుతుంది. తిన్న పిల్ల పొట్ట నారింజ రంగులో నిండుగా ఉంటుంది. మేత వేసిన అరగంటకు టార్చ్ వేసి ఒక్కొక్కదాన్నీ చూడండి. పొట్ట ఖాళీగా ఉన్నవాటిని డ్రాపర్‌తో వేరే చిన్న డబ్బాలోకి తీసి, అక్కడ మేత చిక్కగా వేయండి. రెండు పూటలు అలా చేస్తే చాలావరకు అందుకుంటాయి. మిగిలిన ఆర్టీమియాను తీయడానికి డబ్బా ఒక మూల టార్చ్ పెట్టండి. వెలుగులోకి అవే వస్తాయి, డ్రాపర్‌తో లాగేయొచ్చు. రోజూ రాత్రి పిల్లలను పెద్ద చెంచాతో నీళ్ళతో సహా ఎత్తి, ముందే చల్లబరిచిన కొత్త నీళ్ళ డబ్బాలోకి మార్చండి. పాత డబ్బాను ఉప్పుతో రుద్ది కడిగి ఆరబెట్టండి. ఇది ఒక్కరోజు మానినా మర్నాడు తేడా తెలుస్తుంది.

2 సెంటీమీటర్లు వచ్చేసరికి ముందు కాళ్ళు మొలుస్తాయి, కొద్ది రోజులకు వెనక కాళ్ళు. ఇప్పుడే జాగ్రత్త పడాలి. ఈ వయసులో కదిలిందల్లా వాటికి మేతే, తోబుట్టువు కాలైనా సరే. హోటల్లో పార్సిల్ ఇచ్చే లీటరు డబ్బాలు దాచి ఉంచుకోండి. ఒక్కో డబ్బాలో ఒక పిల్ల, మహా అయితే ఒకే సైజువి రెండు. మూడు రోజులకోసారి సైజు చూసి సర్దండి. కాలో మొప్పో పోయినదాన్ని ఒంటరిగా పెట్టి చల్లటి శుభ్రమైన నీళ్ళూ కడుపునిండా మేతా ఇస్తే కొన్ని వారాల్లో మళ్ళీ మొలుస్తుంది. మందులేవీ పూయక్కర్లేదు.

కాళ్ళు నాలుగూ వచ్చాక కదలని మేత కూడా వాసన పట్టి తినడం నేర్చుకుంటాయి. 4, 5 సెంటీమీటర్ల దగ్గర వానపామును బియ్యపు గింజంత ముక్కలుగా కోసి పటకారుతో నోటి ముందు ఆడించండి. వర్మీకంపోస్టు చేసే రైతుల దగ్గర వానపాములు దొరుకుతాయి, కానీ వాటిలో రెండు రకాలుంటాయి. చారలున్న ఎర్రటి సన్న రకం ముట్టుకుంటే పసుపు రసం వదులుతుంది, ఆ చేదుకు పిల్లలు ఉమ్మేస్తాయి. ఊదా రంగులో మెరిసే లావుపాటి ఆఫ్రికా రకం అడగండి. పురుగుమందు కొట్టిన పొలంలోవి ఎంత బాగున్నా వద్దు.

పిల్లలు 7, 8 సెంటీమీటర్లు వచ్చాకే ఇతరులకు ఇవ్వండి. ఎండలు ముదిరేదాకా ఆగకండి. పంపే ముందు ఒక రోజు మేత ఆపండి, దారిలో నీళ్ళు పాడవవు. ఒక్కో పిల్లను ఒక్కో కవర్లో మూడో వంతు నీళ్ళూ మిగతా గాలీ ఉంచి కట్టి, థర్మాకోల్ పెట్టెలో న్యూస్‌పేపర్లో చుట్టిన చల్లని సీసా పక్కన సర్దండి. కడపకైనా బెంగళూరుకైనా రాత్రి బండికే పంపండి, తెల్లవారకముందే అవతలివాళ్ళు అందుకునేలా. పెట్టె మూత మీద మీ డబ్బాలోని నీటి వేడి ఎన్ని డిగ్రీలో పెన్నుతో రాయండి. తీసుకున్నవాళ్ళు మొదటి రోజు తమ నీళ్ళను అక్కడికే తెచ్చి, అప్పుడు కవరు విప్పాలి.